బ్యాంకాక్ పూర్తి పేరులో ఉన్నవి మన మాటలేనా? విడదీయడంలో సాయం కావాలి

పదశోధ (ప్రశ్న)

థాయిలాండ్ రాజధానిని మనం బ్యాంకాక్ అంటాం, అక్కడివాళ్లు క్రుంగ్‌థేప్ అంటారు. దాని పూర్తి పేరు ప్రపంచంలోకెల్లా పొడవైన ఊరి పేరుగా గిన్నిస్‌లో ఉంది, రోమన్ లిపిలో 168 అక్షరాలట. థాయ్ ఉచ్చారణ వింటూ తెలుగులో ఇలా రాసుకున్నాను:

క్రుంగ్‌థేప్‌మహానఖోన్ అమోన్‌రత్తనకోసిన్ మహిన్‌థరాయుత్థయా మహాదిలోక్‌ఫోప్ నోప్ఫరత్‌రాత్చథానీబురీరోమ్ ఉదోమ్‌రాత్చనివేత్‌మహాసథాన్ అమోన్‌ఫిమాన్‌అవతాన్‌సథిత్ సక్కథత్తియవిత్సనుకమ్‌ప్రసిత్

పైకి గుర్తుపట్టలేం గానీ లోపల సంస్కృతం ఉన్నట్టే ఉంది. నాకు తోచినట్టు విడదీశాను: రత్తనకోసిన్ అంటే రత్నకోశం, మహిన్‌థరాయుత్థయా అంటే మహేంద్రుడి ఆయుధం, మహాదిలోక్ అంటే మహా త్రిలోకం, విత్సనుకమ్ అంటే విష్ణువు చేసిన కర్మ. అమోన్, నోప్ఫరత్, ఫిమాన్ అంతు చిక్కలేదు.

ఇందులో ఎంత సరి, ఎంత తప్పు? ఇంత పేరులో బ్యాంకాక్ అన్న మాటే లేదు, మరి అదెక్కడిది? అధికారికంగా ఇప్పుడు ఏ పేరు చెల్లుతుంది?

గట్టువారు

బ్యాంకాక్ సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. ఇది ఆ పొడవాటి పేరుకి కురచ రూపం కాదు. దాని కంటే పాతది, దానితో చుట్టరికం లేనిది. రాజధాని రాకముందు అక్కడున్న పల్లె పేరు. థాయ్‌లో 'బాంగ్ కోక్' అని రాస్తారు.

'బాంగ్' అంటే నీటి ఒడ్డున, ముఖ్యంగా కాలువ మొగ దగ్గర ఉన్న పల్లె. ఇప్పటికీ నగరంలో బాంగ్‌నా, బాంగ్‌రక్, బాంగ్‌సూ, బాంగ్‌కపి అని పేటలున్నాయి. మనకి ఊరి పేర్ల చివర పాలెం, లంక వచ్చినట్టు వాళ్లకి ముందు బాంగ్ వస్తుంది.

'కోక్' దగ్గర రెండు వాదాలు. ఒకటి, 'మకోక్' అనే పుల్లటి కాయ. మన అంబాళం, అంటే అడవిమామిడి, ఆ జాతిదే. థాయ్‌లో కాయల పేర్లకు ముందు 'మ' చేరుతుంది: మాముఆంగ్ మామిడి, మప్రావ్ కొబ్బరి, మనావ్ నిమ్మ. ఆ 'మ' తీసేస్తే మిగిలేది కోక్. నది పడమటి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడి పాత పేరు వాట్ మకోక్ కావడం ఈ వాదానికి గట్టి ఊతం.

రెండోది, 'కో' అంటే దీవి, కాబట్టి 'దీవి పల్లె', మన లెక్కలో లంకపల్లె. దీనికి ఆధారం నది చరిత్రలో ఉంది. చావోఫ్రాయా నది అక్కడ పెద్ద వంక తిరిగి పారేది. అప్పటి రాజధాని ఆయుత్థయాని ఏలిన రాజు ఛైరాచ్చా కాలంలో, 1534–1547 మధ్య, పడవలకు దూరం తగ్గాలని ఆ వంక మెడ దగ్గర అడ్డంగా కాలువ తవ్వించారు. నీళ్లు దగ్గర దారి పట్టాయి, తవ్విన కాలువే క్రమంగా వెడల్పై అసలు నది అయిపోయింది. పాత నది ఇప్పుడు బాంగ్‌కోక్ నోయ్, బాంగ్‌కోక్ యై అనే కాలువలుగా మిగిలింది. నోయ్ అంటే చిన్న, యై అంటే పెద్ద. మధ్యలో చిక్కిన నేల దీవిలా మిగిలింది కాబట్టి ఆ పేరు అంటారు.

నా మొగ్గు కాయ వైపే. దీవి అనే 'కో' మాట చివర గొంతు టక్కున ఆగుతుంది తప్ప 'క్' ఉండదు. ఊరి పేరులో 'క్' స్పష్టంగా ఉంది, రాతలోనూ ఉంది.

ఇంకో మెలిక చూడండి. పాత బాంగ్‌కోక్ ఉన్నది ప్రధానంగా పడమటి ఒడ్డున, అంటే థోన్‌బురీ వైపు. రాజభవనం, పచ్చల బుద్ధుడి గుడి తూర్పు ఒడ్డున. 1680లలో ఫ్రెంచి సైనికులు దిగింది బాంగ్‌కోక్ కోటలో, 1688లో ముట్టడి జరిగి వెళ్లిపోయారు. విదేశీ ఓడలవాళ్లకి, వర్తకులకి అప్పటికే ఆ రేవు పేరు నోట నానిపోయింది. వందేళ్ల తర్వాత ఎదురు గట్టున రాజధాని కట్టి కొత్త పేరు పెట్టినా వాళ్లు పాత పేరు వదల్లేదు. మనం వాడుతున్నది వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే.

నిఘంటువు పురుగు

పదశోధ గారూ, మీ నాలుగు విడదీతల్లో నాలుగూ తప్పే, కానీ తప్పిన చోట్లన్నీ ఒకే కారణం వల్ల తప్పాయి. మీరు చెవితో విడదీశారు. థాయ్‌లో నోరు మారింది, రాత మారలేదు. పాళీ, సంస్కృత మాటల్ని వాళ్లు చాలావరకు మూలాక్షరాలతోనే రాస్తారు, చదివేటప్పుడు మాత్రం తమ పలుకుబడి ప్రకారం చదువుతారు. కాబట్టి ఏ అక్షరం ఏదిగా పలుకుతుందో తెలిస్తే వెనక్కి నడవొచ్చు. ఈ పేరుకి కావలసిన సూత్రాలు ఇవి.

మన గ, జ, ద, బ వాళ్ల నోట ఖ, ఛ, థ, ఫ అవుతాయి. ఘ, ధ, భ కూడా అంతే. అంటే ద, ధ రెండూ 'థ' లాగే వినిపిస్తాయి. ఇక్కడ 'ఫ' అంటే పళ్లు పెదవికి ఆన్చి పలికే ఇంగ్లిష్ ఎఫ్ కాదు, 'ఫలం' అని పాతకాలం పంతులు గారు పలికే ప్‌హ.

మన త, ప చాలా మాటల్లో ద, బ అవుతాయి. పురి 'బురీ' అయింది, ఉత్తమ 'ఉదోమ్' అయింది. ఇక్కడే అందరూ తడబడేది: వాళ్ల నోట 'థ' వినిపిస్తే ఎక్కువగా మనది ద లేదా ధ, 'ద' వినిపిస్తే మనది త. తిరగేసినట్టు ఉంటుంది.

వ కొన్ని మాటల్లో వ గానే ఉంటుంది, కొన్నిట్లో బ అక్షరంతో రాస్తారు. బెంగాలీలు 'నబరత్న' అన్నట్టే. ఆ బ మళ్లీ పై సూత్రం ప్రకారం ఫ అవుతుంది.

చివర వచ్చే ర, ల రెండూ 'న్' అవుతాయి. చివర వచ్చే త, ద, స, జ లాంటివన్నీ 'త్' అవుతాయి. బ, భ, ప అన్నీ 'ప్'.

చివరి అకారం రాలిపోతుంది. అలా రాలిపోయి ముందున్న అక్షరం హల్లుతో మూసుకుంటే, దాని 'అ' కాస్తా 'ఒ' వైపు జరుగుతుంది.

ఇవన్నీ కలిపి 'నగర' మీద ప్రయోగించండి. చివరి అ పోయి నగర్. గ ఖ అయింది. చివరి ర్ న్ అయింది. దాని ముందు అ ఒ అయింది. నఖోన్. 'అమర' కూడా అంతే, అమోన్. 'దేవ' లో వ బ అయి 'దేబ్', ద థ అయి, చివరి బ్ ప్ అయి 'థేప్'. సువర్ణభూమి విమానాశ్రయాన్ని అక్కడివాళ్లు 'సువన్నఫూమ్' అంటారు, అదీ ఈ దారినే వచ్చింది.

ఇక పేరులోకి.

క్రుంగ్‌థేప్‌మహానఖోన్: 'క్రుంగ్' మనది కాదు. ఖ్మేర్, మోన్ భాషల వైపు నుంచి వచ్చిన మాట, రాజధాని అని అర్థం. దీన్ని సంస్కృతంలోకి లాగే ప్రయత్నం చేయకండి. థేప్ దేవ, మహానఖోన్ మహానగర. దేవతల రాజధాని, మహానగరం.

అమోన్‌రత్తనకోసిన్: అమర రత్న కోసింద్ర. మీరు కోశం అనుకున్నది 'కోసింద్ర', అంటే కౌశికుడైన ఇంద్రుడు. కౌశికుడు అనగానే మనకి విశ్వామిత్రుడు గుర్తొస్తాడు గానీ అమరకోశం నానార్థవర్గంలో కౌశిక శబ్దానికి మొదటి అర్థం మహేంద్రుడే. గుగ్గిలం, గుడ్లగూబ, పాములవాడు తర్వాత. పాళీలోనూ 'కోసియ' ఇంద్రుడి పేరు. రాతలో చివర 'ంద్ర' మొత్తం ఉంటుంది, ద్ర మీద 'పలకవద్దు' అనే చిన్న గుర్తు పెడతారు, అందుకే మీకు 'సిన్' వరకే వినిపించింది. ఇంద్రుడి రత్నం అంటే ఇక్కడ పచ్చల బుద్ధ విగ్రహం. ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. థాయ్‌లో దాని పేరులో 'మోరకోత్' ఉంటుంది, మన మరకతమే, కానీ రాయి మాత్రం పచ్చ కాదు, వేరే ఆకుపచ్చ రాయి. 1779లో వియెంటియాన్ (ఇప్పటి లావోస్ రాజధాని) నుంచి తెచ్చారు, 1784లో ఇప్పటి గుడిలో నిలిపారు.

మహిన్‌థరాయుత్థయా: మహేంద్ర అయోధ్య. ఆయుధం కాదు. ఆయుధంలో 'ధ' తో అయిపోతుంది, ఇక్కడ ధ తర్వాత 'య' ఉంది, మీరే 'థయా' అని రాశారు చూడండి. యుద్ధంలో గెలవరానిది అయోధ్య. మహేంద్రుడి అజేయ నగరం.

మహాదిలోక్‌ఫోప్: త్రిలోకం అయితే 'త్ర' ఉండాలి, లేదు. 'ద' వినిపిస్తోంది కాబట్టి మూలం త. తిలక. ఫోప్ అంటే భవ. లోకానికి మహా తిలకం. ఇంగ్లిష్ అనువాదాల్లో 'ప్రపంచపు మహా రాజధాని' అని చదునుగా తేల్చేస్తారు, బొట్టు పోయింది.

నోప్ఫరత్‌రాత్చథానీబురీరోమ్: నవరత్న రాజధాని పురీ రమ్య. రెండో మాటగా రాజధాని అచ్చంగా మనదే. ఈశాన్యాన బురీరమ్ అనే రాష్ట్రం ఉంది, అదీ ఇదే పురీ-రమ్య జంట.

ఉదోమ్‌రాత్చనివేత్‌మహాసథాన్: ఉత్తమ రాజ నివేశన మహాస్థాన. 'స్థ' అనే జంటను వాళ్లు విడదీసి 'సథ' అంటారు.

అమోన్‌ఫిమాన్‌అవతాన్‌సథిత్: అమర విమాన అవతార స్థిత. అవతారమెత్తిన దేవుడు నివసించే దేవ సౌధం. ఆ దేవుడు రాజే.

సక్కథత్తియవిత్సనుకమ్‌ప్రసిత్: సక్క దత్తియ విష్ణుకర్మ ప్రసిద్ధి. సక్క అంటే పాళీలో శక్రుడు, మళ్లీ ఇంద్రుడే. దత్తియ అంటే ఇచ్చినది. విష్ణుకర్మ అంటే విష్ణువూ కాదు, కర్మా కాదు. విశ్వకర్మ! పాళీలో 'విస్సకమ్మ', అది థాయ్‌లోకి వచ్చి విష్ణువు రూపం తొడుక్కుంది. ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ కట్టిన నగరం.

ఒక్క పేరులో ఇంద్రుడు మూడుసార్లు: కోసింద్ర, మహేంద్ర, సక్క. నగర పాలక సంస్థ ముద్ర మీద కూడా ఆయనే ఐరావతం ఎక్కి, వజ్రం పట్టుకుని ఉంటాడు.

పదశోధ

నిఘంటువు పురుగు గారూ, చాలా థాంక్స్. సూత్రాలు పెట్టుకుని మళ్లీ చదివితే పేరంతా తెలుగు పుస్తకంలోని శ్లోకంలా ఉంది. రెండు అనుమానాలు మిగిలాయి.

చివరి మాట ప్రసిద్ధి అన్నారు. అప్పుడు 'విశ్వకర్మ వల్ల పేరు పొందినది' అనాలి కదా, 'కట్టిన' అని ఎలా వచ్చింది? అలాగే క్రుంగ్‌థేప్‌ని దేవతల రాజధాని అన్నారు. మన సమాసం పద్ధతిలో చూస్తే 'రాజధానికి దేవత' అని రావాలి. ఇక్కడ తిరగబడింది ఎందుకు?

నిఘంటువు పురుగు

రెండూ సరైన అనుమానాలే. అక్షరాలు కలిసినంత మాత్రాన అర్థం కలవదు, తెలుగువాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. మాట మనదే కదా అని మన అర్థం వేసేస్తాం.

'ప్రసిత్' కి థాయ్‌లో పేరుప్రఖ్యాతులు అనే అర్థం లేదు. సిద్ధింపజేయడం, నెరవేర్చి ఇవ్వడం అని అర్థం. 'సిద్ధి' లోని అసలు అర్థానికే దగ్గరగా ఉండిపోయింది. కాబట్టి విశ్వకర్మ సిద్ధం చేసి ఇచ్చినది. 'ఉదోమ్' కూడా అంతే, వాళ్ల వాడుకలో శ్రేష్ఠం కంటే సమృద్ధి అనే అర్థం బలంగా ఉంటుంది. ఇంగ్లిష్ అనువాదాల్లో 'రాజభవనాలు మెండుగా గల' అని ఉంటుంది చూడండి, అది అక్కడి నుంచి వచ్చింది. 'ఫోప్' మనకి భవబంధాల భవం, వాళ్లకి లోకం. 'ఫిమాన్' విషయం చెప్పక్కర్లేదు. మనకి విమానం అంటే ముందు గాల్లో ఎగిరేదే గుర్తొస్తుంది, గుడి మీద విమానం తర్వాత. వాళ్లకి దేవతల మేడ ఒక్కటే. ఎగిరే విమానానికి వాళ్ల మాట వేరు.

ఇక వరుస. థాయ్‌లో ప్రధానమైన మాట ముందు, దాన్ని వర్ణించేది తర్వాత. తెలుపు గుర్రం అనరు, గుర్రం తెలుపు అంటారు. సంస్కృత సమాసంలో దానికి ఎదురు. ఈ పేరులో రెండు పద్ధతులూ కలిసి ఉన్నాయి, అందుకే గందరగోళం. మహానఖోన్ మన వరుస: మహా, నగరం. క్రుంగ్‌థేప్ వాళ్ల వరుస: రాజధాని, దేవతల. రత్తనకోసిన్ వాళ్ల వరుస: రత్నం, ఇంద్రుడి. బురీరోమ్ వాళ్ల వరుస: పురి, రమ్యమైన. సక్కథత్తియ మళ్లీ మన వరుస.

గీత గీసినట్టు ఎప్పుడు ఏ వరుస అని చెప్పే సూత్రం లేదు. విడదీశాక రెండు వైపుల నుంచీ చదివి, ఏది పొసగితే అది తీసుకోవడమే. అందుకే తెలిసిన థాయ్ అర్థాన్ని పక్కన పెట్టుకోకుండా ఉత్త వ్యుత్పత్తితో తేల్చేయకూడదు.

పాతబస్తీ పటం

పేరు పుట్టిన క్రమం కూడా చెప్పుకోవాలి, లేకపోతే 1782లో రాజు ఒక్క ఊపున ఇదంతా చదివేశాడనుకుంటారు.

1767లో బర్మా సైన్యం ఆయుత్థయాని నేలమట్టం చేసింది. తర్వాత తాక్‌సిన్ రాజు థోన్‌బురీ నుంచి పాలించాడు. థోన్‌బురీ అంటే ధనపురి, పై సూత్రాలతో మీరే చెప్పేయొచ్చు. 1782 ఏప్రిల్‌లో చక్రీ వంశం మొదలైంది. మొదటి రాముడిగా ఇప్పుడు లెక్కించే రాజు రాజధానిని నది దాటించి తూర్పు గట్టుకి తెచ్చాడు. నగర స్తంభం నాటింది 1782 ఏప్రిల్ 21న. అన్నట్టు, రాజులకు మొదటి రాముడు, రెండో రాముడు అని అంకెలు వేయడం ఆరో రాజు కాలంలో వచ్చిన పద్ధతి. అంకెలు వెనక్కి వెళ్లి తగిలించారు.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే 'క్రుంగ్‌థేప్' కొత్త రాజధానికి కొత్తగా పుట్టిన మాట కాదు. పడిపోయిన ఆయుత్థయా పేరే 'క్రుంగ్‌థేప్ ద్వారావతీ శ్రీ అయోధ్య' అని మొదలయ్యేది. అందులో కృష్ణుడి ద్వారకా ఉంది, రాముడి అయోధ్యా ఉంది. బర్మావాళ్లు ఇల్లు కూల్చారు గానీ పేరు మిగిలింది, దాన్ని కొత్త ఇంటికి తెచ్చుకున్నారు. కొత్త పేరులో అయోధ్య రావడం అందుకే. ఒకసారి కూలిన నగరానికి ఉన్న 'అజేయ' బిరుదును మళ్లీ పెట్టుకోవడం, ఈసారి ఇంద్రుణ్ణి కూడా కాపలా పెట్టడం, కొంచెం పట్టుదల మనుషులే.

పేరులో దిద్దుబాట్లు తర్వాతా జరిగాయి. నాలుగో రాజు మొంగ్‌కుత్, 1851 నుంచి 1868 వరకు పాలించినవాడు, 'బొవోన్ రత్తనకోసిన్' లోని బొవోన్ తీసి అమోన్ పెట్టాడు. బొవోన్ అంటే మన ప్రవర, పాళీలో పవర: ప బ అయింది, చివరి ర న్ అయింది. శ్రేష్ఠమైన ఇంద్ర రత్నం కాస్తా చావులేని ఇంద్ర రత్నం అయింది. పాత పత్రాల్లో బొవోన్ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

168 అక్షరాల లెక్క మీద ఒక మాట. అది రోమన్ లిపి లెక్క. థాయ్ రాతని రోమన్‌లోకి మార్చే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ, ఒక 't' రెట్టిస్తారా లేదా అన్నదాన్ని బట్టి అంకె ఒకటీ రెండూ అటూ ఇటూ అవుతుంది. మీరు లెక్కపెట్టి 167 వచ్చిందనో 169 వచ్చిందనో కంగారు పడక్కర్లేదు.

గట్టువారు

అధికారిక పేరు అడిగారు కదా, దానికి ఇంకా జవాబు రాలేదు.

1972 డిసెంబరులో ఫ్రా నఖోన్, థోన్‌బురీ అనే రెండు పాత రాష్ట్రాలు కలిపిన ప్రాంతానికి క్రుంగ్‌థేప్‌మహానఖోన్ అని పేరు ఖాయం చేశారు. థాయ్‌లో ప్రభుత్వ పత్రాల మీద ఉండేది ఇదే. దాని పొడి అక్షరాలు 'కో-థో-మో', నగర పాలక సంస్థ చెత్త బండి నుంచి చలానా దాకా అన్నిటి మీదా ఉంటాయి. ఇక్కడా మన సూత్రమే: క, ద, మ అక్షరాలే, ద ని థో అంటారు. మాటల్లో మాత్రం ఉత్త క్రుంగ్‌థేప్. పూర్తి పేరు నిత్య వాడుకలో ఎవరికీ అక్కర్లేదు. పిల్లలకి నోటికి రావడానికి కారణాల్లో 1989లో వచ్చిన ఒక రాక్ పాట కూడా ఒకటి, ఆ పాట నిండా ఈ పేరే.

2022 ఫిబ్రవరిలో 'బ్యాంకాక్ పేరు మార్చేశారు' అని మన చానళ్లలో కూడా వచ్చింది. నిజానికి జరిగింది ఇంతే. విదేశీ వాడుకకి రాజధానుల పేర్ల పట్టికలో అంతకుముందు 'క్రుంగ్ థేప్ మహా నఖోన్', సెమికోలన్, 'బ్యాంకాక్' అని ఉండేది. ఆ సెమికోలన్ తీసి బ్యాంకాక్‌ని బ్రాకెట్లో పెట్టాలని ప్రతిపాదించారు. గోల మొదలయ్యేసరికి రెండు పేర్లూ వాడుకోవచ్చని భాషా సంస్థ వివరణ ఇచ్చింది. ఒక విరామచిహ్నం మీద ఇంత రచ్చ!

అక్కడికి వెళ్లేవాళ్లకి పనికొచ్చేది: రోడ్డు మీది పచ్చ బోర్డుల్లో థాయ్ వరుసలో క్రుంగ్‌థేప్, కింద ఇంగ్లిష్ వరుసలో బ్యాంకాక్ ఉంటుంది. రెండూ ఒకే ఊరు, దారి రెండుగా చీలిందని కంగారు పడొద్దు. 2023 జనవరి నుంచి దూరపు రైళ్లు చాలావరకు బయల్దేరేది 'క్రుంగ్‌థేప్ అఫివత్' స్టేషన్ నుంచి. పేరులో బ్యాంకాక్ లేదు కాబట్టి వేరే ఊరి స్టేషన్ అనుకుని పాత స్టేషన్ హువాలంఫోంగ్‌కి పోయి నిలబడితే రైలు తప్పుతుంది. అఫివత్ అంటే 'అభివృద్ధి' కుటుంబం మాట, పాళీ రూపం నుంచి వచ్చింది. భ ఫ అయింది, గుర్తుపట్టే ఉంటారు. ఆ స్టేషన్‌కి అంతకుముందున్న పేరు మాత్రం పాత 'బాంగ్' ల్లో ఒకటి, బాంగ్‌సూ.

బాంగ్‌కోక్ అనే మాట థాయ్‌లో పూర్తిగా చచ్చిపోలేదు కూడా. పడమటి గట్టున బాంగ్‌కోక్ నోయ్, బాంగ్‌కోక్ యై అని రెండు పేటలు ఇప్పటికీ ఉన్నాయి, నగరంలోని 50 పేటల్లో అవీ లెక్కే. ట్యాక్సీ అతనితో ఆ మాట అంటే అటు తీసుకుపోయే అవకాశమూ లేకపోలేదు.

సింహపురి

మన వైపు ముడి ఒకటి ఎవరూ చెప్పలేదు. ఇంద్రుడి నగరం పేరు అమరావతి. 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధానికి పెట్టిన పేరూ అదే, ధరణికోట పక్కనున్న పాత అమరావతి నుంచి తీసుకున్నది. అంటే క్రుంగ్‌థేప్ అమోన్, మన అమరావతి రెండూ ఒకే ఊహ మీద నిలబడ్డ రాజధాని పేర్లు. పాతబస్తీ పటం గారు చెప్పిన ద్వారావతిలో ఉన్న 'వతి' మన అమరావతిలోనూ ఉంది: ద్వారాలు గలది, అమరులు గలది.

ఇంకో సరదా. చావోఫ్రాయా వెంట పైకి వెళ్తే 'సింగ్‌బురీ' వస్తుంది. అక్షరాలా సింహపురి. నెల్లూరివాళ్లం మేం విక్రమ సింహపురి అని చెప్పుకున్నట్టే. సింగపూరూ ఆ పేరే కాబట్టి ఇంట్లో ముగ్గురికి ఒకే పేరు పెట్టినట్టుంది.

పదశోధ గారూ, సూత్రాలు వంటబట్టాయో లేదో చూసుకోండి. ఈ ఊళ్లు విడదీయండి: సుఫన్‌బురీ, రాత్చబురీ, ఫెత్చబురీ, ఛోన్‌బురీ, ఉబోన్‌రాత్చథానీ, నఖోన్ సీ థమ్మరాత్.

పదశోధ

ప్రయత్నించాను. సుఫన్‌బురీ: ఫ కి వెనక బ, దాని వెనక వ, కాబట్టి సువర్ణపురి. రాత్చబురీ రాజపురి. నఖోన్ సీ థమ్మరాత్: నగర శ్రీ ధర్మరాజ. ఉబోన్: చివరి న్ కి వెనక ర లేదా ల, కాబట్టి ఉత్పల, కలువల రాజధాని. ఛోన్‌బురీ: జనపురి. ఫెత్చబురీ ఒక్కటీ లొంగలేదు.

నిఘంటువు పురుగు

నాలుగు సరి. ఉబోన్ పాళీ 'ఉప్పల' నుంచి వచ్చింది, అర్థం మీరన్నదే.

ఫెత్చబురీ వజ్రపురి. వ బ అయి ఫ అయింది, జ్ర లోని ర పలుకులో పోయింది, రాతలో ఉంది. అకారం 'ఎ' కావడం ఖ్మేర్ దారిలో వచ్చిన మార్పు. పై సూత్రాలతో దొరకదు, మీ తప్పు కాదు.

ఛోన్‌బురీ మాత్రం తప్పు. జలపురి, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. చివర ల ఉన్నా న ఉన్నా 'న్' అనే పలుకుతారు కాబట్టి వాళ్ల నోట జన, జల రెండూ ఛోన్ ఒక్కటే. విని తేల్చలేం. ఊరి బోర్డు మీద రాసిన అక్షరం చూడాలి, అక్కడ ఉన్నది ల.